పక్కచూపు బోర్డు

పక్కన కూర్చున్న మనిషిని ఎన్నాళ్లు చూస్తే ఆ మనిషి తెలుస్తుంది? కార్డు దూర్చే స్లాట్ నోట్లోని దుమ్మును సన్నటి కుంచెతో దులుపుతూ పెద్దక్క ఈ ప్రశ్న తనకు తానే వేసుకుంది. జవాబు కోసం ఆగలేదు. కుంచె పక్కన పెట్టి, తెర మీద బొమ్మ తెప్పించే గ్రాఫిక్స్ కార్డును రెండు అంచులూ పట్టి ఎత్తుతూ, కంటి కొసతో పక్క బల్ల వైపు చూసింది. అక్కడ ఆమె తోటికోడలు మూత వేయబోతున్న డబ్బా మీదికి వంగి ఉంది. అవసరానికి మించి వంగి ఉంది. ఆమె కుడి చెయ్యి ఏప్రాన్ జేబులోకి వెళ్లి, గుప్పిట మూసుకుని బయటికి వచ్చి, డబ్బా లోపలికి దూరింది.

మళ్లీ, అనుకుంది పెద్దక్క.

ఆ పొడవాటి గదిలో చిన్న కంప్యూటర్లు బిగిస్తారు. బోర్డు ఒక్కో బల్ల దాటుతూ, ప్రాసెసరు, మెమరీ, ఫ్యాను తగిలించుకుని, డబ్బాలో కూర్చుని పెద్దక్క దగ్గరికి వస్తుంది. ఆమె స్లాట్‌లో కార్డు దిగేసి, మర బిగించి పక్కకు జరుపుతుంది. ఆ పక్క బల్ల చిన్నక్కది. తెర మీద బొమ్మ వచ్చిందో లేదో చూసి, మూత వేయడం ఆమె పని. ఇద్దరూ అన్నదమ్ముల భార్యలు. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే బస్సులో వస్తారు, ఒకే సీట్లో కూర్చోరు.

కొత్త బోర్డులు వచ్చి కొద్ది నెలలే అయింది. పాత బోర్డు మీద స్లాట్ నోరు పైకి తెరుచుకుని ఉండేది. కార్డు పై నుంచి దిగి గోడలా నిలబడేది. దానికి తగ్గట్టు డబ్బా కూడా ఎత్తుగా ఉండేది. కొత్త బోర్డు రెండు అరచేతులంత ఉంటుంది. దాని స్లాట్ పైకి చూడదు. మెడ పూర్తిగా పక్కకు తిప్పుకుని బోర్డు అంచు మీదుగా బయటికి చూస్తుంది. కార్డు పక్క నుంచి అందులోకి జారి, బోర్డుకు సమంగా పడుకుంటుంది. అందువల్ల మొత్తం డబ్బా లావుపాటి పుస్తకమంతే అవుతుంది. గదిలో అందరూ దాన్ని పక్కచూపు బోర్డు అంటారు. పేరు పెట్టింది చిన్నక్క. తనను చూసే ఆ పేరు పెట్టిందని పెద్దక్క అనుమానం.

ఆ డబ్బాలు కొన్ని తిరిగి వచ్చాయి. ఇక్కడ బొమ్మ చూపించినవే, కొన్నవాళ్ల ఇంటికి చేరాక నల్ల తెర చూపించాయి. స్లాట్‌ను బోర్డుకు అతికించే సన్నటి లోహపు కాళ్ల దగ్గర టంకం పగిలింది. పొద్దున పనిలోకి రాగానే సూపర్‌వైజరు ఆమెను అద్దాల గదిలోకి పిలిచాడు.

"పెద్దక్కా, కార్డు దగ్గర చేతులు పడేది మీ ఇద్దరివే. ఓనరు గారు ఊరుకోవట్లేదు. సాయంత్రానికి ఎవరి చెయ్యో చెప్పండి. ఆ చెయ్యి రేపట్నుంచి ఈ గదిలో ఉండదు."

"నన్నెందుకు అడగడం? ఆవిణ్ణే అడగండి."

"మీరు పాతవాళ్లు. మీ మాట మీద నమ్మకం."

"ఆవిణ్ణి అడిగారా, లేదా?"

ఆయన నవ్వాడు. "తోటికోడళ్ల మధ్యకు నేను రానమ్మా. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికెవరో."

అడిగే ఉంటాడని ఆమె తేల్చుకుంది. అడిగితే ఆవిడ ఎవరి పేరు చెప్పి ఉంటుందో తేల్చుకోవడానికి అంతసేపు కూడా పట్టలేదు.

పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు అత్తగారు ఆమె చేతిలో తాళాల గుత్తి పెట్టి, "నమ్మకం మంచిదే, తాళం ఇంకా మంచిది" అంది. అత్తగారు పోయింది. తాళాలు మిగిలాయి. చిన్నక్క కోడలిగా వచ్చాక వంటగదిలో రెండు పొయ్యిలు వెలిశాయి, మధ్యలో ఒక అలమర. పెద్దక్క తన నూనె సీసా మీద రోజూ పెన్సిల్‌తో గీత గీసేది. గీత కిందికి నూనె దిగితే ఎవరు దించారో ఆమెకు తెలుసు. ఒకరోజు నూనె గీత కంటే పైకి ఉంది. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. తీసిన మనిషి ఎందుకు తీసిందో ఊహించవచ్చు. పోసిన మనిషి మనసులో ఏముందో ఎలా తెలుస్తుంది?

అలాంటి మనిషికి ఈ పని ఇప్పించింది కూడా తనే. మరిదికి పనిలో నిలకడ లేదు. చిన్నక్క జీతం ఆగితే అలమరకు అవతలి పొయ్యి వెలగదు. స్క్రూడ్రైవరు పట్టడం నేర్పింది తనే. "మరను ముందు కాస్త వెనక్కి తిప్పు. గాడిలో పడ్డట్టు వేలికి తెలుస్తుంది. అప్పుడు బిగించు." చిన్నక్క ఒక్కసారికే నేర్చుకుంది. అంత తొందరగా నేర్చుకోవడం పెద్దక్కకు అప్పుడే నచ్చలేదు.

ఈ ఉదయం బయల్దేరేటప్పుడు చిన్నక్క కూతురు గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. "పెద్దమ్మా, నా రబ్బరు మళ్లీ పోయింది. రోజూ ఎవరో తీసేస్తున్నారు." పిల్లకు రబ్బరు కొరికే అలవాటు, మూల మీద పంటిగాటు చూసి తనదేదో గుర్తుపట్టేది. "వెతుకు, అక్కడే ఉంటుంది" అంది చిన్నక్క పిల్ల ముఖం చూడకుండా. అది కూడా పెద్దక్క గమనించింది. చెరిపే రబ్బరుకు కూడా తాళం వేయాల్సిన ఇల్లు, అనుకుంది.

మధ్యాహ్నం గోడ నీడలో అందరూ డబ్బాలు విప్పి అన్నం తింటున్నారు. చిన్నక్క వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఏంటక్కా, పొద్దున్నుంచీ తెగ చూస్తున్నావ్? నా మొహం మీద బొమ్మ వస్తోందా?"

"బొమ్మ వచ్చిందో లేదో చూడ్డం నీ పని. నాది కాదు."

"అబ్బో! అయితే నీ పని నువ్వు చూసుకో మరి."

"ఆ జేబులో ఏం దాచావ్?"

"మా ఆయన పరువు. ఎక్కడా పెట్టడానికి చోటు లేక జేబులో వేసుకు తిరుగుతున్నా."

ఫ్యాన్లు బిగించే ఆవిడకు పొలమారింది. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. చిన్నక్క కూడా నవ్వింది. అయితే నవ్వుతూనే ఎడమ చేత్తో జేబు మూసుకుంది. పెద్దక్క ముద్ద మింగి, ఆ చేతినే చూసింది.

తర్వాత కాసేపటికి మూతలు అయిపోయి, తెచ్చుకోవడానికి చిన్నక్క గోడౌన్‌లోకి వెళ్లింది. పెద్దక్క లేచింది. ఆమె మణికట్టుకు ఒక పట్టీ ఉంటుంది. దాని తీగ బల్లకు తగిలించి ఉంటుంది. ఒంట్లో పుట్టే కరెంటు బోర్డుకు తగలకుండా నేలలోకి పోవడానికి ఆ ఏర్పాటు. బల్ల వదిలినప్పుడల్లా ఆమె దాన్ని విప్పి జేబులో వేసుకుంటుంది. వదిలి వెళితే ఇంకెవరైనా పెట్టుకుంటారని భయం. ఇప్పుడు కూడా జేబులో వేసుకుని, చిన్నక్క మూత వేసిన దొంతరలోంచి ఒక డబ్బా తెచ్చి మర విప్పింది.

కార్డు చివర కింద, డబ్బా అడుగుకూ కార్డుకూ మధ్య, ఒక తెల్లటి రబ్బరు ముక్క ఇరికించి ఉంది. దాని మూల మీద చిన్న పంటిగాటు.

దొరికింది. ఆమెకు కోపం కంటే తృప్తే ఎక్కువ కలిగింది. సొంత కూతురి బడి సంచిలోంచి దొంగిలించి తెచ్చి, కంపెనీ సరుకులో చెత్త కుక్కుతోంది. ముక్కను బయటికి లాగి, దీపమున్న భూతద్దం కిందికి స్లాట్‌ను జరిపింది. వెనక వరసలో మొదటి కాలి దగ్గర టంకం మీద వెంట్రుకంత గీత కనిపించింది. ఈ ముక్క కార్డును కింది నుంచి ఎత్తడం వల్లే పగిలిందని ఆమెకు స్పష్టమైంది.

సూపర్‌వైజరు ముందు రెండూ పక్కపక్కన పెట్టాలి. చిన్నక్క చెయ్యి పడింది ఒకటి, పడనిది ఒకటి. తను ఇప్పుడే కార్డు దిగేసి ఇంకా పక్కకు జరపని డబ్బాను భూతద్దం కిందికి తెచ్చింది.

అదే కాలి దగ్గర అదే గీత.

అద్దాన్ని కొంగుతో తుడిచి మళ్లీ చూసింది. కొత్త డబ్బా అందుకుని, కార్డు పెట్టకముందు టంకాన్ని చూసింది. అద్దంలా నున్నగా ఉంది. కార్డును పక్క నుంచి జార్చింది. కుదురుకున్న చప్పుడు వినిపించింది. పని అయిపోయింది. అప్పుడు, ఆమె చెప్పకుండానే, కుడి బొటనవేలు లేచి కార్డు చివరను పై నుంచి కిందికి గట్టిగా నొక్కింది.

ఆమె ఆ వేలిని ఎవరిదో అన్నట్టు చూసింది. పాత బోర్డులో కార్డును పై నుంచి నొక్కడమే పని. "పెద్దక్క దిగేసిన కార్డు భూకంపమొచ్చినా కదలదు" అనేవారు. ఆ వేలికి ఆ మాట గుర్తుంది. స్లాట్ పక్కకు తిరిగిందని దానికి ఎవరూ చెప్పలేదు. పక్కకు చాచిన కార్డు చివరను కిందికి నొక్కితే, అవతల స్లాట్ కాళ్లు నేల వదిలి లేస్తాయి. మరోసారి అద్దంలోకి చూసింది. గీత పడింది.

తిరిగొచ్చిన డబ్బా ఒకటి బల్ల కింద ఉంది. దాన్ని కూడా విప్పింది. లోపల రబ్బరు ముక్క లేదు. కార్డు చివర వేలాడుతోంది. దారి కుదుపులకు గీత పెద్దదై కాలు పూర్తిగా ఊడింది.

బల్ల మీది రబ్బరు ముక్కను గుప్పిట్లోకి తీసుకుంది. అద్దాల గది దగ్గరలోనే ఉంది. ఈ ముక్కను తీసుకెళ్లి అక్కడి బల్ల మీద పెడితే చాలు. నోరు విప్పే అవసరం కూడా లేదు. ఆయన నమ్ముతాడు. ఈ గదిలో ఎవరైనా నమ్ముతారు. ఇంతసేపు తను కూడా నమ్మింది.

"ఏం చేస్తున్నావక్కా?"

చిన్నక్క మూతల దొంతరను గడ్డం కింద అదిమి పట్టుకుని నిలబడి ఉంది. విప్పిన డబ్బాలను, ఆమె గుప్పిటను చూసి, దొంతరను మెల్లగా దించింది.

"ఎప్పట్నుంచి పెడుతున్నావ్ ఇది?"

"బొమ్మ ఒకసారి వణికి ఆగింది. ఎందుకా అని చూస్తే కార్డు చివర కిందికి వాలి ఉంది. అప్పట్నుంచి."

"మరి ఇవెందుకు తిరిగొచ్చాయి?"

"పోయిన నెల పిల్ల రబ్బర్ల కోసం ఇల్లు పీకి పందిరేసింది కదా. కొత్తవి కొనేదాకా రెండు రోజులు పెట్టలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

చిన్నక్క ఒక మూతను తీసి, దాని అంచును వేలితో తడిమింది.

"చెబితే నవ్వానంటావు కదక్కా."

పెద్దక్కకు గీత దాటి నిండిన ఆ నూనె సీసా గుర్తొచ్చింది.

"నిన్ను ఆయన పిలిచి అడిగాడా?"

"పొద్దున్నే. చూసి చెబుతానన్నా."

పెద్దక్క రబ్బరు ముక్కను దాని చోట మళ్లీ ఇరికించి, డబ్బాకు మూత వేసి, మరను కాస్త వెనక్కి తిప్పి, గాడిలో పడ్డాక బిగించింది. జేబులోంచి మణికట్టు పట్టీ తీసింది. నేరుగా అద్దాల గదిలోకి వెళ్లలేదు. ముందు పక్క బల్ల దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత వెళ్లి తలుపు తోసింది.

"తేలిందా పెద్దక్కా?"

"తేలింది. నా చెయ్యే."

ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు. "మీరు ఆవిణ్ణి కాపాడుతున్నారేమో..."

"నేనా?" అంది పెద్దక్క. ఆ మాటకు ఆమెకే నవ్వొచ్చింది. "వెనక వరసలో మొదటి కాలు. మీరే చూసుకోండి. లోపల రబ్బరు ముక్కలు కనిపిస్తే తీయించకండి. అలాంటి ఆసరా ఒకటి సరిగ్గా చేయించి పెట్టించండి. ఎక్కడ పెట్టాలో ఆవిడ చెబుతుంది."

ఆయన ఇంకా ఏదో అంటుండగానే ఏప్రాన్ విప్పి మడిచి కుర్చీ మీద పెట్టింది. అన్నం డబ్బా తీసుకుని, పొడవాటి గది దాటి, ఎవరి వైపూ పక్కచూపు చూడకుండా బయటికి నడిచింది.

చిన్నక్క మూతల దొంతర ఎత్తబోయి ఆగిపోయింది. ఆమె బల్ల మీద, పరిచిన నల్ల రబ్బరు పట్టా అంచున, పెద్దక్క మణికట్టు పట్టీ ఉంది. తీగ చివర ఇప్పుడు ఈ బల్లకు తగిలించి ఉంది, పట్టీ మాత్రం ఇంకా ఒక చేతిని పట్టుకున్నట్టే గుండ్రంగా నిలబడి ఉంది.