చెక్క లకుముకి

పిట్టలు చూసేవాళ్లని మించిన కోతలరాయుళ్లు ఉండరు. చేపలు పట్టేవాడు కనీసం చేపనైనా చూపించాలి. వీళ్లకి ఆ బాధ కూడా లేదు, ఎగిరిపోయిందంటే సరి. అందుకే చెరువు దగ్గర పిట్టలు లెక్కపెట్టే బృందంలో ఉన్న వడ్రంగి దీనికో మందు కనిపెట్టాడు. ఏటా ఒక చెక్క పిట్టని చెక్కి, రంగులేసి, లెక్కింపు రోజున అందరికంటే ముందే వెళ్లి ఏదో కొమ్మకి బిగించి వస్తాడు. దాన్ని నిజం పిట్ట అనుకుని జాబితాకి ఎక్కించినవాళ్లు ఎర్ర అట్టముక్కు తగిలించుకుని ఇంటిదాకా వెళ్లాలి. పెన్నుతో రాసింది కొట్టెయ్యడానికి వీల్లేదు.

నాలుగేళ్లుగా ఆ చెక్క పిట్టని ముందు పసిగట్టింది గడియారాలు బాగుచేసే పెద్దమనిషే. అందుకే అతనికి డేగ అని పేరు. మోసపోయినవాళ్లని చూసి అందరికంటే గట్టిగా నవ్వేదీ అతనే. చూపు తగ్గిన డ్రాయింగు మాస్టారితో, "మీరింక టీ ఫ్లాస్కు చూసుకోండి మాస్టారూ, అదైతే ఎగిరిపోదు" అన్నదీ అతనే. అందరూ పగలబడి నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు. మరుసటి ఏడాది ఆయన రాలేదు.

ఈ ఏడాది డేగకి చూపు పోతోంది.

ఎటు సూటిగా చూస్తే అక్కడ బూడిదరంగు మరక. కాస్త పక్కకి చూస్తే ఆ వస్తువు కొద్దో గొప్పో తెలుస్తుంది. నాలుగు నెలలుగా చేతి గడియారాలు తెచ్చినవాళ్లకి పార్టులు దొరకడం లేదని అబద్ధం చెప్పి, గోడ గడియారాలు మాత్రం పుచ్చుకుంటున్నాడు. భార్యకి కూడా చెప్పలేదు. పైకి చెబితే నిజమైపోతుందని భయం. డాక్టరు దగ్గరికి వెళ్తే మరీ నిజమైపోతుందని ఇంకా భయం.

లెక్కింపు రోజు పొద్దున చెరువు గట్టు మీద చెవులతోనే నెట్టుకొచ్చాడు. కూత వినడం, పేరు చెప్పడం. అతను గుసగుసగా చెబితే పక్కనే భార్య పుస్తకంలో రాసుకుంటుంది, ఇరవై ఏళ్లుగా వాళ్ల పద్ధతి అదే. కానీ చెక్క పిట్ట కూయదు.

ఎండిన చెట్టు దగ్గర అందరూ ఆగారు. కొమ్మ మీద నీలంగా ఏదో ఉంది. సూటిగా చూస్తే మాయం, పక్కకి చూస్తే మళ్లీ నీలం. కూత లేదు, కదలిక లేదు. లకుముకి పిట్ట చేప కోసం అలాగే బొమ్మలా కూర్చుంటుంది. నిజం పిట్టని చెక్క అన్నా పరువు పోతుంది, చెక్కని పిట్ట అన్నా పోతుంది.

"ఏంటన్నయ్యా, మాట లేదు?" వెనక నుంచి వడ్రంగి గొంతు. అందులో నవ్వుందో లేదో కూడా అతనికి తెలియలేదు.

"లకుముకి. ఒకటి," అన్నాడు భార్య చెవిలో.

ఆమె ఒక్క క్షణం ఆగింది. తర్వాత పెన్ను కదిలిన చప్పుడు వినిపించింది.

టీలయ్యాక పడవల షెడ్డులో వడ్రంగి ఆమె పుస్తకం అందుకుని జాబితా పైకి చదివాడు. కొంగలు ఇరవై మూడు. నీటికోళ్లు పద్నాలుగు.

"లకుముకి పిట్ట, ఒకటి!" వడ్రంగి బల్ల మీద దబదబా బాదాడు. "దొరికారు! ఎనిమిది రోజులు కూర్చుని చెక్కాను దాన్ని! రాసింది వదిన. మరి చెప్పిందెవరు?"

షెడ్డంతా డేగ వైపు తిరిగింది. మొహాలేవీ కనపడకపోయినా ఆ తిరగడం మాత్రం అతనికి తెలిసింది.

"ఇంకెవరు, నేనే," అంది భార్య. "ఈయన చెక్కదని మొత్తుకుంటూనే ఉన్నారు. నేను వింటేగా! ఇటివ్వండి ఆ ముక్కు."

అందరూ విరగబడి నవ్వారు. అతనూ నవ్వాడు, డ్రాయింగు మాస్టారు నవ్వినట్టే.

బస్సులో కండక్టరు ఆమె ఎర్ర ముక్కుని చూసి టిక్కెట్టివ్వడం మర్చిపోయాడు. రెండు స్టాపులు దాటాక డేగ అడిగాడు.

"అది చెక్కదని నీకు తెలుసా?"

"తోక కింద మేకు కూడా కనపడింది."

"మరెందుకు రాశావు?"

"వెనకాల ఆ వడ్రంగి చూస్తూనే ఉన్నాడు. మీరు చెప్పారు, నేను రాయకపోతే అడగడూ?"

"నా సంగతి ఎప్పట్నించి తెలుసు?"

"మీరు నాతో మాట్లాడుతూ నా చెవి వైపు చూడ్డం మొదలుపెట్టినప్పట్నించి," అంది. "మీరే చెబుతారని ఇన్నాళ్లూ ఆగాను. ఇంక ఆగను. రేపు పదింటికి కళ్ల డాక్టరు దగ్గర పేరు రాయించాను."

అతను ఆమె చెవి వైపు తిరిగాడు. అప్పుడు ఆమె మొహం, ఎర్ర ముక్కుతో సహా, కాస్త తెలిసింది.

"నాకు భయంగా ఉందే," అన్నాడు.

"నాకూ," అంది. అట్టముక్కు వణికింది.