దీక్ష అన్నారు

శనివారం మా అత్తగారి బట్టలు ఇంటికి తెచ్చి ఉతకడం నా పని. వృద్ధాశ్రమంలో వాషింగ్ మెషీన్లు లేక కాదు. అందరి బట్టలూ కలిపి వేస్తారని మా ఆయన బూన్ కెంగ్‌కి నచ్చదు. నచ్చనిది ఆయనకి, ఉతికేది నేను. ఆ వారం దిండు గలీబు నీళ్ళలో ముంచబోతూ ఆగిపోయాను. కుడిపక్కన పసుపురంగు మరక, దాన్నుంచి కుళ్ళు వాసన. చొంగ కారితే కారిందనుకోవచ్చు, కానీ ఆ వాసన చొంగది కాదు. ఏళ్ళతరబడి ఆవిడ పక్కబట్టలు ఉతికినదాన్ని, ఆమాత్రం తెలియదా నాకు?

మా ఊరు తైపింగ్‌లో అప్పుడు తొమ్మిదిమంది దేవరాజుల ఉత్సవం నడుస్తోంది. తొమ్మిది రోజులూ మాంసం మానేసి దీక్ష పట్టినవాళ్ళతో వీధుల్లో అంతా తెల్లబట్టలే. మా అత్తగారు కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఆ రోజుల్లో మాంసం ముట్టలేదు. మతిమరుపు ముదిరి నా మొహం కూడా మర్చిపోయిన మనిషికి దీక్ష ఎలా గుర్తుందా అని అందరూ ఆశ్చర్యపోతున్నారు. కోడిమాంసం గంజి తోసేసిందట, చేపముక్క ఉమ్మేసిందట. ఆశ్రమం నడిపే మేడమ్ తియో ఆవిడకి తెల్లచొక్కా తొడిగి, వచ్చినవాళ్ళందరినీ మంచం దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తోంది. "మేమేమో అన్నం మీద అలిగిందనుకున్నాం. దీక్ష అని మీ ఆయనే చెప్పారు. ఎంత పుణ్యాత్మురాలండీ!" అంది నాతో.

దీక్షలో ఉన్న మనిషి మాంసం వద్దంటుంది, సరే. టోఫూ ఎందుకు వద్దంటుంది? ఉత్సవం రోజుల్లో ఆవిడ ఇష్టంగా తినే టోఫూ కూర, మెత్తగా ఉడికించిన కంద తీసుకెళ్ళాను. గిన్నె మూత తీయగానే కళ్ళు వెలిగాయి. చెంచా దగ్గరికి తెస్తే నోరు తెరిచింది. పెదవి దాటి లోపలికి వెళ్ళిందో లేదో, తల పక్కకి తిప్పేసి చెంప పట్టుకుంది. కళ్ళలో నీళ్ళు. దేవుడి మీద భక్తితో ఎవరూ చెంప పట్టుకోరు. ఆశ్రమంవాళ్ళు చూడకుండా గ్లాసులో ఉన్న పళ్ళ బ్రష్షు తీసి చూశాను. నేను కొని ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, ఒక్క కుచ్చు కూడా వంగలేదు. రోజూ తోముతున్నాం అంది అప్పుడే వచ్చిన మేడమ్ తియో, నేను అడక్కముందే. అడక్కముందే జవాబు చెప్పేవాళ్ళంటే నాకు మొదట్నుంచీ గిట్టదు.

పళ్ళ డాక్టరుకి చూపిద్దామన్నాను. పళ్ళ డాక్టర్ల వ్యాను కొత్త సంవత్సరం దాటాక వస్తుందట, అందరితోపాటే చూపించాలట. బయటికి తీసుకెళ్ళాలంటే చేర్పించినవాళ్ళ సంతకం కావాలి. చేర్పించింది కొడుకు. "కోడలి సంతకం చెల్లదండీ, ఏమీ అనుకోకండి," అంది నవ్వుతూ. ఆవిడకి డైపర్లు కొనేటప్పుడు చెల్లిన కోడలే. ఆ నవ్వుతోనే ఇంకో మాట కూడా అంది. ఉత్సవం అయ్యాక కూడా తినకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తారట, మా ఆయన సరేనన్నాడట. పక్క మంచాల్లో గొట్టాలున్న వాళ్ళని రోజూ చూస్తూనే ఉన్నాను. పీకేసుకుంటారని చేతులు మంచానికి కట్టేస్తారు. ఆ తర్వాత వాళ్ళ నోట్లో ఏముందో చూడాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.

ఇంటికొచ్చి చెప్తే బూన్ కెంగ్ ఫోనులోంచి తలెత్తలేదు. ఆ వయసులో పళ్ళతో పనేంటన్నాడు. "టైర్ల షాపులో లెక్కలు చూసీ చూసీ నీకు మనుషుల మీద కూడా అనుమానమే," అన్నాడు. నిజమే, అనుమానమే. మేడమ్ తియో మీద, ఆ బ్రష్షు మీద, ఇంత తొందరగా గొట్టానికి ఒప్పుకున్న ఈయన మీద కూడా. ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో కనిపెట్టడం నీ పని అని నాకెవరూ చెప్పలేదు. కనిపెట్టకపోతే మాత్రం అందరూ నన్నే అడుగుతారు. మా పిల్లకి డెంగీ వచ్చినప్పుడు, అత్తగారు మొదటిసారి దారి తప్పినప్పుడు, "ఇంట్లో ఉండి నువ్వేం చేస్తున్నావు?" అనే మాట నేనే పడ్డాను. అప్పుడు కూడా నేను ఇంట్లో లేను, షాపులోనే ఉన్నాను.

ఉత్సవం చివరిరోజు షాపులో సగం పూట సెలవు అడిగాను. మా యజమాని మళ్ళీ అత్తగారేనా అన్నాడు, మళ్ళీ అత్తగారేనన్నాను. నేను కూడా తెల్లబట్టలు కట్టుకుని ఆశ్రమానికి వెళ్ళాను. అమ్మని దేవుళ్ళ ఊరేగింపుకి తీసుకెళ్తానన్నాను. మేడమ్ తియో చేతులు జోడించింది. సంతకం మాటే ఎత్తలేదు. చక్రాల కుర్చీ తనే తోసుకొచ్చి కారెక్కించి, తనకోసం కూడా మొక్కమంది. పన్ను పేరు చెప్తే తెరుచుకోని తలుపు దేవుడి పేరు చెప్తే బార్లా తెరుచుకుంది. నేను తిన్నగా ప్రభుత్వ ఆసుపత్రిలో పళ్ళ విభాగానికి పోనిచ్చాను.

అక్కడి డాక్టరమ్మ పేరు నూర్‌హయాతి. నన్నేమీ అడగలేదు. కుర్చీ ముందు వంగి, "నొప్పి ఎక్కడుంది అవ్వా?" అని ఆవిడనే అడిగింది. ఇన్నాళ్ళలో ఆ మాట అడిగిన మనిషిని నేను చూడలేదు. మా అత్తగారు వేలు పెట్టి చూపించింది. కుడివైపు కింది దవడ పన్ను విరిగి, చిగురు చీము పట్టి ఉంది. ఇంకొన్నాళ్ళు ఆగితే చీము ఒళ్ళంతా పాకేదట. తీసేయమంటారా అని అడిగితే అవ్వ గట్టిగా తలూపింది.

పన్ను పీకినచోట పెట్టిన దూది తీసేశాక, కారులో, చల్లటి సోయా పాలు చెంచాతో పట్టాను. ఒక్కో చెంచా మింగుతుంటే నాకు ఏడుపొచ్చింది. కాసేపటికి ఆవిడ నన్ను ఎవరో నర్సు అనుకుంది కాబోలు, నా చెయ్యి నిమిరి మెల్లగా అంది:

"మా అబ్బాయికి చెప్పానమ్మా నొప్పని. కాస్త ఓర్చుకోమ్మా, పండగ అయ్యాక చూద్దాం అన్నాడు. కోడలికి తెలిస్తే ఊళ్ళో డాక్టర్లందరి చుట్టూ తిప్పుతుంది, చెప్పకన్నాడు. నువ్వు కూడా చెప్పకేం."

మతిలేని మనిషి మాట, నమ్మాలా అనుకున్నాను ఒక్క క్షణం. కానీ ఆ మాటలు నాకు తెలుసు. గర్భసంచి నొప్పితో నేను వంటగదిలో నేలమీద కూలబడ్డప్పుడు అక్షరం మారకుండా ఆయన నాతో అన్నవే. కాస్త ఓర్చుకో, పండగ అయ్యాక చూద్దాం. నేను అందరినీ అనుమానించాను. దీక్ష అనే మాట మొదట ఎవరి నోటినుంచి వచ్చిందో మాత్రం ఆలోచించలేదు.

అప్పుడే ఆయన ఫోన్ చేశాడు. ఎక్కడున్నావు, మేడమ్ తియో కంగారుపడుతోంది, రేపు గొట్టం వేయడానికి వస్తున్నారు అని.

"అమ్మ నీకు పన్ను నొప్పని చెప్పిందా?"

"ఆవిడ ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. అన్నీ పట్టించుకుంటామా?"

"పన్ను తీయించాను. పాలు తాగింది, గొట్టం అక్కర్లేదు. పుండు మానేదాకా పూటపూటా ఉప్పునీళ్ళతో నోరు కడగాలట. ఆ పని నువ్వు చెయ్యి."

"నేనా? ఇవన్నీ చూసేది నువ్వే కదా?"

"నొప్పని చెప్పింది నీకు," అన్నాను. "నోరు తెరిపించి చూసేది కూడా నువ్వే."