గట్టు దాటించింది నేను కాదు

నేను ఒక ఇనుప తలుపుని. ఇంటికి కాదు, నీళ్లకి. నాకు ఒక పక్క చెరువు, ఇంకో పక్క పొలాల నీరు పోయే మురుగు కాలువ, మధ్యలో తూములో నేను. పనివాళ్లు నన్ను షట్టరు అంటారు. మొగలిలంక జనం మాత్రం ఈమధ్య దొంగ తలుపు అన్నారు, అదీ తప్పంతా వాళ్ల చేతులతో వాళ్లే చేసి. కళ్లారా చూసినదాన్ని, ఊరుకోలేక చెబుతున్నాను.

పుట్టింది భీమవరం రోడ్డు పక్కన వెల్డింగు షెడ్డులో. ఒకటే మందపాటి పలక, అడుగున రబ్బరు పట్టీ, నెత్తిన పెద్ద మర, దాన్ని తిప్పడానికో చక్రం. లారీలో వచ్చి లస్కరు నాంచారయ్య చేతిలో పడ్డాను. కాలువ నీళ్లని ఎప్పుడు వదలాలో ఎప్పుడు ఆపాలో చూసుకోవడం ఆయన ఉద్యోగం. నెలకోసారి నా మరకి గ్రీజు రాసి, పనయ్యాక ఆ చెయ్యి నాకే తుడుచుకునేవాడు. పదకొండేళ్లు ఎత్తమంటే లేచాను, దించమంటే దిగాను.

తర్వాత కాలువలోకి దెయ్యం చేప వచ్చింది. పట్నంలో ఎవరో గాజుతొట్టిలో ముద్దుగా పెంచుకుని, తొట్టి చాలనంత పెరిగేసరికి, చంపితే పాపమని తీసుకెళ్లి కాలువలో వదిలారట. ఎంత జాలిగుండె చూడండి. ఆ జాలి వరదతో పాటు కొట్టుకొచ్చి ఇక్కడ వలలు చింపుతోంది. దాని తోలు చెట్టు బెరడులా ఉంటుంది, రెక్కలకి ముళ్లు, గట్టు లోపల బొరియలు చేసి గుడ్లు పెడుతుంది, కోసి వండుదామంటే కత్తి దిగదు. రెండేళ్లలో కాలువలో ఇంకేమీ మిగల్లేదు.

మిగిలింది చెరువు. అందులో, వల మీద బతికే మరిడమ్మ తన చేతులతో వదిలిన శీలావతి చేపపిల్లలు అరచేతి పొడుగు ఎదిగాయి. అవి పోతే ఆమెకి వల వేసుకోవడానికి ఇంక వేరే నీళ్లు లేవు. అందుకే ఊరి మీటింగులో ఆమే ముందు లేచింది.

"తూము మూసెయ్యండి. అసలు తెరవొద్దు."

"కాలవ నీరు రాకపోతే చెరువు సగమవుద్దే," అన్నాడు ఆమె మొగుడు సూరన్న.

"సగం నీళ్లలో చేపలు బతుకుతాయయ్యా. దెయ్యాలతో బతకవు."

నన్ను దించేశారు. నాంచారయ్య చక్రానికి గొలుసు చుట్టి తాళం వేశాడు. ఒట్టేసి చెబుతున్నాను, ఆ రోజు నుంచి నా కింద నుంచి నలుసు దాటలేదు. కాలువ ఎంత తోసినా నిలబడ్డాను.

నలభై రోజులకి చెరువులో మరిడమ్మ వల చిరిగింది. చినుగులో జానెడు దెయ్యం చేప.

ఊరంతా నా మీద పడ్డారు. ఇంజనీరు గారు వచ్చి, గట్టు మీద నుంచే, బైకు కూడా దిగకుండా, "గేటు లీకవుతోందయ్యా," అన్నాడు.

"సూది దూరదండి. మీరే దిగి చూడండి," అన్నాడు నాంచారయ్య.

"అంత తుప్పు కనపడట్లా నీకు?"

తుప్పు పైన ఉందండీ, నీళ్లాపేది కింద. ఎవరికి చెప్పను? నన్ను ఊడబీకి గట్టు మీద పడేశారు, తూముకి అడ్డంగా కాంక్రీటు గోడ కట్టారు, రిబ్బను కత్తిరించి లడ్డూలు పంచారు. నిజానికి గోడంటే నాకు కోపం లేదు. కాలువకీ చెరువుకీ పొత్తు పూర్తిగా తెగడమే మంచిది, తలుపన్నాక ఎవడో ఒకడు ఎప్పుడో తెరుస్తాడు. నా కోపమంతా ఆ నింద మీద.

గోడ కట్టిన పదో రోజున చెరువులో ఇంకో దెయ్యం చేప పడింది. ఈసారి నన్ను అనడానికి వీల్లేదు కదా. "మేస్త్రీ సిమెంటు మిగుల్చుకున్నాడు," అన్నారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం మరిడమ్మ, సూరన్న కాలువలో వల లాగి గట్టెక్కి కూర్చున్నారు. వల నిండా అవే. ఒక్కోటీ తీయడం, వెనక్కి చూడకుండా భుజం మీదుగా విసరడం. కాలువలోకి వేస్తే మళ్లీ వలలో పడతాయని వెనక్కి, ఎండకి అవే చస్తాయని ధీమా. వాళ్ల వెనక ఏముంది? చెరువు వైపు వాలు. రోజూ అంతే, ఊళ్లో అందరూ అంతే. ఈ చేప గంటలకొద్దీ నీళ్లు లేకుండా బతుకుతుంది, బురదలో రెక్కలతో పాకుతుంది.

ఆ రోజు మరిడమ్మ విసిరింది ఒకటి నా మీద పడింది. మట్టి మీదైతే చప్పుడుండేది కాదు, ఇనుము కాబట్టి గరగరలాడింది. ఆమె పట్టించుకోలేదు. సద్దిమూట విప్పారు, తిన్నారు, మంచినీళ్లు తాగారు. గరగర ఆగలేదు. అప్పుడు తిరిగి చూసింది.

చేప నా అంచు దాకా పాకి, చెరువు వైపు కిందికి జారుతోంది. దాని కంటే ముందు విసిరినవి ఒక్కటీ వాలు మీద లేవు. బురదలో చారలు మాత్రం నీళ్ల దాకా ఉన్నాయి.

ఆమె లేచి వచ్చింది. రాయి తీసి, ఆ చేపని నా మీదకి లాగి, తలమీద కొట్టింది. నాకూ తగిలింది. ఫర్వాలేదు.

"చెరువులో వేసింది మనమేనయ్యా," అంది.

"ఛ. ఎండకి చచ్చుంటాయిలే."

"చస్తే ఏయీ మరి? ఇందాక నువ్వెన్ని విసిరావు?"

సూరన్న వేళ్లు మడిచి చూశాడు. "ఆరో, ఏడో. గుర్తుందా ఏంటి?"

"దిగు. ఏరుకొచ్చి ఈ రేకు మీద పెట్టు. నేను చంపుతా."

"ఇంత చెరువులో ఎక్కడని ఏరనే?"

"అది విసిరేటప్పుడు అడగాల్సింది. నేనూ దిగుతా, పద."

ఇద్దరూ నడుం లోతున దిగి, గట్టు వార బొరియల్లో చేతులు పెట్టి తడుముతున్నారు. ఆమె మోచేతుల దాకా ముళ్ల గీతలు. నా మీద ఇప్పటికి రెండు చేపలు ఉన్నాయి. ఆరని ఒకసారి, ఏడని ఒకసారి అంటున్నాడు సూరన్న.