పాండురంగం కొట్టిన చప్పట్లు

పాండురంగం ఆ రోజు చప్పట్లు కొట్టకుండా ఉండాల్సింది. కొట్టాడు. అందరికంటే ముందు కొట్టాడు.

ఇంగ్లండులోని బ్రాక్‌నెల్‌లో లిఫ్టులు బాగుచేసే కంపెనీ అది. ఎక్కడ లిఫ్టు ఆగినా ఫోను ఈ ఆఫీసుకే. ఏ మెకానిక్కుని ఏ బిల్డింగుకి పంపాలో చెప్పేవాళ్ళు పదిమంది, అందులో ఏడుగురు వీసాల మీద ఉన్నవాళ్ళు. పాండురంగం ఆ ఏడుగురిలో ఒకడు. పదిమందిలో తొమ్మిదిమంది ఇక్కడివాళ్ళే ఉండాలి, లేకపోతే కాంట్రాక్టు లేదని ఒక పెద్ద కస్టమరు తేల్చేశాడు. మేనేజరు గ్రాహమ్ అందరినీ నిలబెట్టి, "తొమ్మిది కాదు, పదికి పదీ చేసి చూపిద్దాం. ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడివాళ్ళకే!" అన్నాడు.

ఆ మాట విని ఎన్నేళ్ళయిందో! ఉస్మానియా క్యాంపస్‌లో ఆ మాట అరిచి అరిచే పాండురంగం గొంతు పోగొట్టుకున్నాడు, లాఠీదెబ్బలు తిన్నాడు. చేతులు వాటంతటవే లేచాయి. నాలుగో చప్పటకి గానీ గుర్తుకు రాలేదు, ఈ ఊళ్ళో నాన్‌లోకల్ తనేనని.

గ్రాహమ్ కళ్ళు చెమర్చాయి. కొత్తవాళ్ళకి పని నేర్పే బాధ్యత ఆ పెద్దమనసు వాడికే అప్పజెప్పాడు. మార్చి ఆఖరికి ఆ కుర్చీ కూడా కొత్తవాళ్ళదే.

కుర్చీ పోతే వీసా పోతుంది. అరవై రోజుల్లో ఇంకో కంపెనీ దొరక్కపోతే సామాను సర్దుకోవాలి. ఇక్కడే ఉండిపోయే హక్కు రావడానికి ఇంకా మూడేళ్ళుంది.

"నీ ఉద్యోగం పీకుతమంటే నువ్వే చప్పట్లు గొట్టినవా?" గరిటె పట్టుకునే అడిగింది భార్య సులోచన.

"అలవాటే..."

"ఏం అలవాటయ్యా! తెలంగాణ వచ్చి ఎన్నేండ్లాయె? చేతులు జేబుల పెట్టుకోరాదు?"

"డాడ్, యూ క్లాప్డ్ ఫస్ట్?" అని ఎనిమిదేళ్ళ హాసిని సోఫా వెనక్కి పోయి నవ్వింది.

క్రిస్మస్ లోపల ఆరుగురు వీసావాళ్ళు వెళ్ళిపోయారు. ఆరుగురు ఊరివాళ్ళు వచ్చారు. ఊళ్ళోవాడికి ఊళ్ళో ఉద్యోగం దక్కాలి, అందులో తప్పేం లేదు. కానీ పని నేర్పకుండా కుర్చీలో కూర్చోబెడితే అది ఉద్యోగం కాదు, వెక్కిరింపు. గ్రాహమ్ మొదటిరోజే వాళ్ళ చెవులకి హెడ్‌సెట్లు తగిలించాడు. ఇరవై నిమిషాల్లో చేరే మెకానిక్ మూడు గంటల తర్వాత చేరడం మొదలెట్టాడు. పక్కనున్న రీడింగ్ ఊళ్ళో ఒక ముసలామె లిఫ్టులో కూర్చుని సగం స్వెటర్ అల్లేసింది. తిట్లన్నీ కొత్తవాళ్ళకి. గ్రాహమ్‌కి మాత్రం గోడమీద 'పదికి తొమ్మిది' అని పెద్ద చార్టు.

కొత్తవాళ్ళలో డారెన్ అని ఒకడు, మొన్నటిదాకా డెలివరీ వ్యాను తోలినవాడు. పాండురంగం వాడికి దాచుకోకుండా నేర్పాడు. ఏ మెకానిక్కుకి పాత లిఫ్టులు చేతకావో, ఎవడు ట్రాఫిక్ అని చెప్పి బేకరీలో ఉంటాడో, ఇవేవీ కంప్యూటర్‌లో లేవు.

"ఇదంతా నేను నేర్చుకున్నాక నువ్వు పోవాలా?" అన్నాడు డారెన్ ఫిబ్రవరిలో.

"అంతే. ఉండిపోయే హక్కుకి ఇంకా మూడేళ్ళు తక్కువ."

"మిగతా ఐదుగురికి ఎవరు నేర్పుతారు?"

"నువ్వే."

"నాకే సగం రాదు! మీ ఊళ్ళో అయితే ఏం చేసేవాళ్ళు, పాండూ?"

అడక్కూడని మనిషిని అడిగాడు. పాండురంగం కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "రిలే నిరాహార దీక్ష. రోజుకొకడు కూర్చుంటాడు. పొద్దున తిని వస్తాడు, సాయంత్రం లేస్తాడు."

"అంటే లంచ్ మానేయడమా? మా అమ్మ వారానికి మూడు రోజులు చేస్తుంది!"

"మీ అమ్మ బ్యానర్ కట్టదు కదా."

సోమవారం రిసెప్షన్‌లో బ్యానర్ లేచింది. 'నేర్పేవాణ్ణి పంపొద్దు.' మెళ్ళో దండ లేకపోతే దీక్షే కాదన్నాడు పాండురంగం. పూలు కూడా అమ్మే పెట్రోలు బంకులో కొని సులోచనే గుచ్చింది. "ఇప్పుడు గొట్టు చప్పట్లు" అని దండ మొగుడి చేతిలో పెట్టింది.

వంతులవారీగా ఆరుగురూ కూర్చున్నారు. పక్క సోఫాలో మిగతావాళ్ళు శాండ్‌విచ్‌లు తింటుంటే దీక్షలో ఉన్నవాడు కళ్ళు మూసుకునేవాడు. రెండోవారం మంగళవారం మళ్ళీ డారెన్ వంతు. ఆ రోజే పెద్ద కస్టమరు వచ్చాడు. దండ వేసుకున్న డారెన్‌ని చూసి, "ఇతనికేమైంది?" అన్నాడు.

"మీరడిగిన లోకల్ నేనే" అన్నాడు డారెన్. "మీ లిఫ్టులు ఆగితే ఏం చేయాలో నాకింకా రాదు."

కస్టమరు గ్రాహమ్ వైపు తిరిగాడు. "నేనడిగింది తొమ్మిదే కదా. పదో అతన్ని ఎందుకు తీస్తున్నారు?"

గ్రాహమ్ గోడమీది చార్టు చూశాడు. అందులోనూ తొమ్మిదే ఉంది.

"సరే, పాండు ఉంటాడు. మీ అందరికీ నేర్పేదాకా" అన్నాడు చివరికి. "ఇక లే."

"అట్లా లేవడు సార్" అన్నాడు పాండురంగం. "మీ చేత్తో నిమ్మరసం ఇవ్వాలి."

కిచెన్‌లో నిమ్మకాయ లేదు. నిమ్మ షర్బత్తు లాంటి లైమ్ కార్డియల్ సీసా దొరికింది. గ్రాహమ్ రెండు చేతులా గ్లాసు అందించాడు. డారెన్ గటగటా తాగి మూతి తుడుచుకున్నాడు.

"నేర్చుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు గ్రాహమ్. "నాకు కాగితం మీద కావాలి."

డారెన్ పాండురంగాన్ని చూశాడు. పాండురంగం చేతులు జేబుల్లో పెట్టుకుని నేల చూపులు చూశాడు.

"నాది కాస్త మందబుర్ర, గ్రాహమ్" అన్నాడు డారెన్. "మూడేళ్ళు రాసుకో."