ఇంటర్వెల్ చెంపదెబ్బ

ఆ హాస్యనటుడి సినిమా ఒక్కటి చూస్తే ముప్పై ఆరూ చూసినట్టే. మొదట్లో పెళ్లికోసం అబద్ధమాడతాడు. రెండో పాట అయ్యాక మామగారింటి బీరువాలో దాక్కుంటాడు. దాక్కున్నవాడు కుదురుగా ఉండక తుమ్ముతాడు. మామగారు తలుపు తీసి చెంప ఛెళ్లుమనిపిస్తాడు. అల్లుడు మూడుసార్లు గిర్రున తిరిగి సోఫాలో పడతాడు. ఇంటర్వెల్. హాల్లో జనం ఆ మూడు చుట్లూ గొంతెత్తి లెక్కపెడతారు. ఒకటి తగ్గిందా, సొంత ఆస్తి పోయినట్టు గోల చేస్తారు.

ఆ మామగారి వేషం ఇరవై రెండేళ్లుగా ఒక్కరిదే. లోకం ఆయన అసలు పేరు ఎప్పుడో మరిచిపోయి చెంపదెబ్బ మామ అంటోంది. కూరల కొట్లో కనబడితే చాలు, పెద్ద పెద్ద ఉద్యోగస్తులు కూడా చెంప చూపించి, ఒక్కటి తగిలించమని బతిమాలి ఫోటో తీయించుకుంటారు. ఇంట్లో మాత్రం దోమ వాలినా భార్యే కొట్టాలి. ఆయనకు వచ్చిన నటన ఆ ఒక్క దెబ్బే. ఆ సంగతి అందరికీ తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు. అది పోతే ఈ అరవై నాలుగో ఏట ఇంకెవరూ పిలిచి వేషమివ్వరు.

ఇంతలో కొత్త డైరెక్టర్ వచ్చాడు. ఈసారి అంతా కొత్తదనమేనంటూ కథ వినిపించాడు. అల్లుడు ఇదివరకు డాక్టర్నని అబద్ధమాడేవాడు, ఇప్పుడు ఇంజనీర్నంటాడు. బీరువాకు బదులు ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె. తుమ్ముకు బదులు ఎక్కిళ్లు. అంతవరకూ మామ తలూపుతూనే ఉన్నాడు. ఈసారి అల్లుడే మామను కొడతాడని చివర్లో డైరెక్టర్ బయటపెట్టాడు. గిర్రున తిరిగి పడాలంటే నడుము గట్టిగా ఉండాలి కాబట్టి, వచ్చే సినిమా నుంచి కాస్త వయసు తక్కువ మామను చూసుకుందామని కూడా అనేశాడు, ఎదుట మనిషి కూర్చునున్నాడన్న ఇంగితం లేకుండా. మార్పంటే అన్నీ అలాగే ఉంచి తనను తీసెయ్యడమన్నమాట అని మామ లోలోపల మండిపడ్డాడు. పైకి మాత్రం బాగుంది బాబూ అన్నాడు.

షూటింగ్ రోజు పొద్దున్నే హాస్యనటుడు మేకప్ గదికొచ్చి పక్కన కూర్చున్నాడు. "ఒక్క సినిమాలోనైనా కొట్టించుకోకుండా ఉండాలనుంది మామగారూ. మా అమ్మాయి కాలేజీలో దాన్ని చూడగానే పిల్లలు చెంప పట్టుకుని గిర్రున తిరుగుతున్నారట. ఇంటికొచ్చి నాతో మాట్లాడటం మానేసింది" అన్నాడు. మామ అతని భుజం తట్టాడు. జాలిపడ్డాడు కూడా, అబద్ధమెందుకు.

మొదటి టేకు. అల్లుడు చెయ్యెత్తాడు. మామ అలవాటు చొప్పున గొంతు సవరించుకున్నాడు. అంతే, అల్లుడు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే మూడుసార్లు తిరిగి తనే సోఫాలో పడ్డాడు. మామ నిలుచున్న చోటి నుంచి కదల్లేదు. లైట్లవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. రెండో టేకూ అదే తంతు. మూడో టేకులో మామకు కిటుకు అర్థమైంది.

సినిమా దెబ్బ ఒంటికి తగలదు. కొట్టేవాడి చెయ్యి నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోవాలి, సరిగ్గా ఆ క్షణానికి రెండోవాడి మొహం తిరగాలి. మొట్టమొదటి సినిమాలో మామ భయంతో గొంతు సవరించుకుని చెయ్యి విసిరాడు. అప్పటినుంచి ప్రతి దెబ్బకూ ముందు అదే చప్పుడు. చేతిని చూసి తిరుగుతున్నానని అల్లుడనుకున్నాడు గానీ, అతని ఒళ్లు తిరుగుతున్నది ఆ చప్పుడుకి. ఇన్నేళ్లలో ఇద్దరూ దాన్ని గమనించిన పాపాన పోలేదు.

తొమ్మిది టేకులయ్యాయి. హాస్యనటుడు మొహం వేలాడేసుకుని మామ దగ్గరికొచ్చాడు. "నాకెందుకు రావడం లేదు మామగారూ?"

జవాబు మామ నాలుక చివరే ఉంది. నేను గొంతు సవరించుకోవడం మానేస్తే చాలు నాయనా అంటే సరిపోయేది. కానీ పొద్దస్తమానం పిలుపుకోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చోవడం ఎలా ఉంటుందో కళ్లముందు కనబడింది. "అలవాట్లు అంత తేలిగ్గా పోవు అల్లుడూ" అన్నాడు. పదో టేకులో గొంతు ఇంకాస్త గట్టిగానే సవరించుకున్నాడు.

హాస్యనటుడు ఇక చేతులెత్తేశాడు. పాత పద్ధతే తీద్దామన్నాడు. పాతదాన్నే కొత్తగా చూపించడం మొదటినుంచీ తన ఉద్దేశమేనని డైరెక్టర్ అందరికీ వివరించాడు. ఈసారి మామ కొట్టాడు. ఒక్క టేకులో అయిపోయింది. మూడు చుట్లు, సోఫా, చప్పట్లు.

చప్పట్లు ఆగాక హాస్యనటుడు లేచి వచ్చి మామ రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరుండబట్టి సరిపోయింది. లేనిపోని ఆశకు పోయి నవ్వులపాలయ్యాను" అన్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి. మామకు తనమీద తనకే అసహ్యం వేసింది. ఉన్న ఒక్క వేషం గంగలో కలిస్తే కలిసింది, నిజం చెప్పేద్దామనుకున్నాడు. నోరు తెరిచాడు. గొంతు సవరించుకున్నాడు.

చేతులు పట్టుకునే ఉన్న అల్లుడి మొహం చటుక్కున పక్కకు తిరిగిపోయింది.