కుక్క లేని వాడలో మేక

తొమ్మిదో తరగతికి చరిత్ర చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనని, మధులతకు ముందు పనిచేసిన సారు చెప్పి మరీ రిటైరయ్యాడు. ఆయన ఊదిన శంఖం ఎలాంటిదో మధులతకు మొదటి వారంలోనే తెలిసింది. పిల్లలు పాఠం చివరి ప్రశ్నలకు జవాబులు గడగడా అప్పజెప్పేవారు. మధ్యలో ఆపి ‘అలా ఎందుకు జరిగింది?’ అంటే మాత్రం ఆమె ముఖం వంక జాలిగా చూసేవారు. పాపం, కొత్తావిడ కదా, తెలియదు కాబోలు అన్నట్టు.

మధులతది గుడివాడ దగ్గర పల్లె. భర్త హజీరాలో ఇంజనీరు. పగలంతా ఫ్లాటులో గోడలు చూడలేక, సూరత్ లింబాయత్‌లో ఉన్న ఈ తెలుగు బడిలో చేరింది. పిల్లలంతా కరీంనగర్, వరంగల్ వైపు నుంచి వచ్చి ఇక్కడ మరమగ్గాల మీద బతుకుతున్న పద్మశాలీల బిడ్డలు. ఇంట్లో తెలంగాణ తెలుగు, వీధిలో హిందీ, కొట్లో గుజరాతీ. టీచరును సూరత్ పద్ధతిలో, అక్కా అన్నట్టు, ‘బెన్’ అని పిలుస్తారు. మొదట్లో ఆ పిలుపుకు ఉలిక్కిపడేది గానీ, ఇప్పుడు ఎవరైనా ‘మేడమ్’ అంటేనే వెనక్కి తిరిగి చూస్తోంది.

దసరాకు ఇంకా నెల ఉందనగా ఒక రోజు ఆమె పుస్తకం మూసేసింది.

“ప్రతి అలవాటుకీ ఒక పుట్టినరోజు ఉంటుంది. ఎవరో, ఎప్పుడో, ఏదో కారణంతో మొదలుపెడతారు. తర్వాత కారణం పోతుంది, అలవాటు ఉండిపోతుంది. మీ ఇంట్లో అలాంటిది ఒకటి చెప్పండి చూద్దాం” అంది.

పిల్లలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇది పరీక్షలో వస్తుందా అని ఎవరో అడిగారు. రాదంది. అప్పుడు నోళ్ళు తెరుచుకున్నాయి. ఒకరింట్లో మంగళవారం చీపురు కొనరు. సంపత్ వాళ్ళ నాన్న కార్ఖానాకు పోగానే ముందు మగ్గానికి మొక్కి, ఆ తర్వాతే మనుషులతో మాట్లాడతాడు. గోల గోలగా ఉన్న ఆ గదిలో సంతోషి లేచి నిలబడింది. ఎప్పుడూ వెనక బెంచీలో గోళ్ళు కొరుక్కునే పిల్ల.

“సద్దుల బతుకమ్మ నాడు మా అవ్వ సత్తు ఎవలు తీస్కోరు బెన్. అందరికీ ఇయ్యవోతది. గిన్నె నిండ తీస్కపోతది, నిండ తెస్తది. ఎందుకో మా బాపుకు సుత తెల్వదు. ఈయేడు ఇగ చెయ్యనన్నది మా అవ్వ.”

తరగతిలో ఎవరూ నవ్వలేదు. అందరికీ తెలిసిన సంగతే. తెలిసిన సంగతి కాబట్టే ఇంతవరకు ఎవరికీ వింతగా తోచలేదు.

మధులతకు మాత్రం ఆ రాత్రి అన్నం సయించలేదు. బతుకమ్మ ఆమె ఊళ్ళో లేదు. ఆడి, నీళ్ళలో వదిలాక ఆడవాళ్ళంతా కూర్చుని వేయించి దంచిన పెసర సత్తు, నువ్వుల సత్తు ఒకరికొకరు వాయనమిచ్చుకుంటారని పిల్లలు చెబితే తెలిసింది. ఇవ్వబోయే చేతిని అందరూ తప్పించుకుంటే ఆ ముసలామె ఏమైపోవాలి? పోయినేడు దాకా మళ్ళీ మళ్ళీ చేసుకుపోయిందంటే ఎంత ఆశ పెట్టుకుని ఉండాలి?

మర్నాడు తరగతిలో తన తెలివంతా ఉపయోగించింది. మొదట కులమేమో అనుకుంది. “వాడంత మేమే కద బెన్” అన్నాడు సంపత్. సంతోషి తాత లేడు కాబట్టి, భర్త పోయిన ఆడవాళ్ళ చేతి వాయనం పుచ్చుకోరేమో అంది. పిల్లలు ఆలోచించారు. సంపత్ వాళ్ళ అవ్వ నర్సవ్వకూ భర్త లేడు, ఆమె సత్తు కోసమైతే ఎగబడతారు. పోనీ వంట నచ్చదేమో అంటే, సంతోషి అక్క పెళ్ళికి బూరెలన్నీ వాళ్ళ అవ్వ వెంకటవ్వే వండింది, వాడ వాడంతా లొట్టలేసుకుంటూ తిన్నది. మూడు ఊహలూ మూడు నిమిషాల్లో కూలిపోయాయి. ఓడిపోయినందుకు మధులతకు ఇంత సంతోషం ఎన్నడూ కలగలేదు. మొట్టమొదటిసారి పిల్లలు ఆమెతో వాదించారు మరి.

“అయితే ‘ఎందుకు’ అని అడగడం మానేద్దాం. ఎందుకంటే పెద్దవాళ్ళు మాట దాటేస్తారు. ఎప్పటి నుంచి అని అడగండి. అది చెప్పడానికి ఎవరికీ మొహమాటం ఉండదు.”

మర్నాటికి జవాబు వచ్చింది. నలుగురైదుగురు ముసలివాళ్ళు ఒకే మాట చెప్పారు. “ప్లేగు సంది.”

ప్లేగు. తొంభై నాలుగులో సూరత్‌ను ఊడ్చేసిన భయం. రోగం కంటే ముందు పుకారు పరిగెత్తి, లక్షల మంది దొరికిన రైలెక్కి పారిపోయిన రోజులు. మధులత అప్పటికి చిన్నపిల్ల, టీవీలో ముఖాలకు గుడ్డలు కట్టుకున్న జనాన్ని చూసిన గుర్తు. ఆ రోజుల గురించి ఇంట్లో అడిగి రాసుకు రమ్మని పిల్లలందరికీ చెప్పింది.

వచ్చిన కాగితాలు చూసి ఒళ్ళు మండింది. ప్రతి కాగితంలోనూ అదే వాక్యం. ‘అందరు ఊరికి ఉరికిండ్రు. వాడల కుక్క సుత లేకుండె.’

“ఎవరి కాగితం చూసి ఎవరు రాశారు? నిజం చెప్పండి” అంది బల్ల మీద కాగితాలు కొడుతూ. కాపీ కొట్టడంలో వీళ్ళకు మగ్గాల్లాగే షిఫ్టులున్నట్టుంది, ఒకరి తర్వాత ఒకరు దిగుతారు అనుకుంది.

“ఎవలం సూడలే బెన్. ఇంట్ల గట్లనే చెప్పిండ్రు” అన్నారు అందరూ.

అప్పుడు సంతోషి గోళ్ళు కొరకడం ఆపింది. “బెన్, అందరు వోతే మరి కుక్క లేదని సూసిందెవలు?”

పదేళ్ళ చదువులో, బి.ఇడి.లో, ఎన్నో శిక్షణ తరగతుల్లో మధులత విన్న ప్రశ్నలన్నీ ఈ ఒక్క ప్రశ్న ముందు దిగదుడుపే. ఆ పిల్లను దగ్గరకు పిలిచి నెత్తిన చేయి పెట్టాలనిపించింది. పెట్టింది కూడా.

“చూసినవాళ్ళను వెతుకుదాం” అంది.

వాడలో అందరికంటే పెద్దది నర్సవ్వ. ఆమెను బడికి పిలిపించి, టీచరు కుర్చీలోనే కూర్చోబెట్టారు. మధులత అలవాటు కొద్దీ “మామ్మగారూ” అంటే పిల్లలు కిసుక్కుమన్నారు. నర్సవ్వ మాత్రం ఆ మర్యాదకు పొంగిపోయి, చీర కొంగు సర్దుకుని, మనవడు సంపత్ వైపు గర్వంగా చూసి మొదలుపెట్టింది.

“ఏం చెప్పాలె బిడ్డ. నీళ్ళల్ల మందు కలిపిండ్రని ఒకడు, పీనుగులు లెక్క లేవని ఒకడు. పిల్లల సంకనేసుకొని టేషనుకు ఉరికినం. కిటికీల కెల్లి ఎక్కినం. నా సూడి మేకను రైలెక్కియ్యరు గద. పాకల్నే కట్టేసి ఏడ్సుకుంట వోయిన. వాడల కుక్క సుత లేకుండె.”

“మరి మేక ఏమైంది మామ్మగారూ?”

నర్సవ్వ ముఖం వెలిగింది. ఇది ఆమె ఏళ్ళ తరబడి చెబుతున్న కథ. “బతికింది బిడ్డ. దసరా ముంగట మేమొచ్చేవరకు ఈనింది. రెండు పిల్లలు. ఎండిపోవుడు కాదు, ఇంకింత బలిసింది. పోచమ్మ తల్లి సల్లని సూపు.”

“పోచమ్మ గడ్డి ఏసిందా అవ్వా?” అన్నాడు సంపత్.

తరగతి గొల్లుమంది. నర్సవ్వ కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. ఆమె కళ్ళు పిల్లల మీదుగా వెళ్ళి వెనక బెంచీలో సంతోషి దగ్గర నిలిచాయి. మోకాళ్ళ మీద చేతులూని లేచింది.

“నాకు ఇంట్ల పనుంది” అని వెళ్ళిపోయింది. చాయ్ తెప్పించామన్నా ఆగలేదు.

ఆ సాయంత్రం మధులత సంతోషితో కలిసి వాళ్ళింటికి వెళ్ళింది. వెంకటవ్వ గుమ్మంలో కూర్చుని, కార్ఖానా నుంచి వచ్చిన చీరల మీద వేలాడుతున్న దారాలు కత్తిరిస్తోంది. ఒడి నిండా రంగు రంగుల పోగులు. టీచరును చూసి లేవబోతే మధులత వద్దని పక్కనే చతికిలబడింది. ఇలాంటి ప్రశ్న ఎలా మొదలుపెట్టాలో తెలియక గొంతు సవరించుకుంటూ ఉంటే, సంతోషే అడిగేసింది.

“అవ్వా, ప్లేగప్పుడు నువ్వు యాడికి వోయినవ్?”

వెంకటవ్వ కత్తెర ఆపలేదు. “యాడికి వోతనే. ఈడనే ఉన్న.”

“బాపు అందరు వోయినమన్నడు గద?”

“మీ బాపు పోరగాడప్పుడు. మీ పెదతాత ఎంట పంపిన. మీ తాతకు సలిజరం. నిలవడ్తనే లేకుండె, రైలెక్కుడు యాడిది? దవఖానల సూసి, ప్లేగు గాదు మలేరియా అని గోలీలిచ్చి పంపిండ్రు. నేను ఆయన్ని సూసుకుంట ఉన్న.” ఇంకో పోగు కత్తిరించి, “పొద్దువోక అందరి తులసిచెట్లకు నీళ్ళు వోసిన. పోచమ్మ కాడ దీపం వెట్టిన. నర్సక్క మేక ఒర్రుతుంటే పానం ఊకుంటదా?” అంది.

వాడ ఖాళీ కాలేదు. వాడను వాడలా నిలబెట్టిన మనిషి ఇక్కడ దారాలు కత్తిరిస్తూ కూర్చుని ఉంది.

“మరి సత్తు?” అని అడిగింది మధులత.

“అందరు సల్లగ వచ్చిండ్రని ఆయేడు సద్దులకు ఇంత పెద్ద గిన్నెల చేసిన. ఈ ఇంట్ల జరం ఉండెనట అని ఎవలో అన్నరు. ఒక్కలు పుచ్చుకోలే. తర్వాత భయం వోయింది. కలిసి తింటనే ఉన్నం, కలిసి నవ్వుతనే ఉన్నం. సత్తు మాత్రం గట్లనే ఆగిపాయె. సూసి సూసి కోడండ్లు నేర్సుకున్నరు. వాళ్ళకేం తెల్సు.”

“మీరు చెప్పలేదా ఎవరికీ?”

“అడిగితె చెప్తం గద బెన్. ఎవలు అడగలే.”

ఆ మాట మధులతకు ఎక్కడో తగిలింది. ఎవరూ అడగలేదు. నిన్నటిదాకా తనూ రాజుల పేర్లే అడిగింది. ఇదంతా పెద్ద అట్ట మీద రాయించి బడి గోడకు పెడతామని, దసరా ముందు అందరినీ పిలిచి చదివిస్తామని ఉత్సాహంగా చెప్పింది. వెంకటవ్వ కత్తెర కింద పెట్టింది.

“వద్దు బిడ్డ. నర్సక్క నాకన్న పెద్దది. మనుమండ్ల ముంగట తల దించుకుంటదా? గది నాకు వద్దు.”

“అవ్వా, ఈయేడు సత్తు చెయ్యవే” అంది సంతోషి.

“చెయ్య. నిండు గిన్నె మోసి మోసి సేతులు నొస్తున్నయి” అంది వెంకటవ్వ, మళ్ళీ కత్తెర అందుకుంటూ.

బస్సులో ఇంటికి వస్తూ మధులత తనను తాను తిట్టుకుంది. చరిత్ర తరగతి పంచాయితీ కాదు, దోషిని నిలబెట్టడానికి. అలాగని తెలిసింది దాచిపెడితే ఇంతదూరం తవ్వడం ఎందుకు? పిల్లలకు కనుక్కోవడం నేర్పింది గానీ, కనుక్కున్నదాన్ని ఏం చేయాలో తనకే తెలియదు. తెల్లారేసరికి ఒక్కటి మాత్రం తోచింది. జవాబు మోసుకుపోతే తలుపులు మూసుకుంటాయి. ప్రశ్నకైతే తెరుచుకోవచ్చు.

“ఇంటికెళ్ళి మళ్ళీ అడగండి” అంది తరగతిలో. “మనం లేనప్పుడు తులసిచెట్టుకు నీళ్ళు పోసిందెవరు, దీపం పెట్టిందెవరు, మేకకు మేత వేసిందెవరు అని. అంతే. జవాబు మీకు తెలిసినా చెప్పొద్దు. వాళ్ళను ఆలోచించుకోనివ్వండి.”

పిల్లలు అడిగారు. కొందరికి కసుర్లు పడ్డాయి. ఒక తాత చాలాసేపు బీడీ కాల్చి, ‘ఎవలో పుణ్యాత్ములు’ అన్నాడట. నర్సవ్వ అయితే ఏమీ అనలేదని, ఆ రోజు నుంచి తనతో కూడా సరిగ్గా మాట్లాడడం లేదని సంపత్ చెప్పాడు. మధులత ఉన్న కలివిడి కూడా చెడగొట్టానేమో అని భయపడింది.

సద్దుల బతుకమ్మ నాడు పిల్లలు పిలిస్తే వెళ్ళింది. తంగేడు, గునుగు పూలు కరీంనగర్ బస్సులో మూటలుగా వచ్చాయి. మైదానమంతా చప్పట్లు, పాటలు. ఆట ముగిసి, బతుకమ్మలను కార్పొరేషన్ వాళ్ళు పెట్టిన నీళ్ళ తొట్టిలో వదిలి, ఆడవాళ్ళు బారులుగా కూర్చున్నారు. సంతోషి ఎంత బతిమాలిందో గానీ వెంకటవ్వ ఒడిలో స్టీలు గిన్నె ఉంది, మూత పెట్టి. చుట్టూ చేతులు మారుతున్నాయి. ‘ఇస్తినమ్మ వాయనం’, ‘పుచ్చుకుంటినమ్మ వాయనం’ అన్న మాటలు ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చి, వెంకటవ్వ దగ్గర పక్కకు తిరిగి పోతున్నాయి. ఎవరి ముఖంలోనూ కోపం లేదు. అలవాటు, అంతే. ఆమె మూత తీయలేదు. సంతోషి గోళ్ళు కొరుక్కుంటోంది.

అవతలి వరసలో నుంచి నర్సవ్వ లేచింది. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా వచ్చి వెంకటవ్వ ఎదురుగా కూలబడింది.

“మేకకు ఏం పెడ్తివే చెల్లె, గన్ని రోజులు?”

“నీ ఇంట్లనే తవుడు సంచి ఉండె అక్క. గది ఒడిసినంక మా గంజిల సగం వోసిన.”

“మీ పెనిమిటి జరంల తాగే గంజి.”

“ఆయనకు ఎక్కువ సయించకపోతుండె.”

నర్సవ్వ ఇంకొంచెం ముందుకు జరిగింది. తల మీది కొంగు తీసి రెండు చేతులా చాచింది. వెంకటవ్వ మూత తీసింది. ఇన్నేళ్ళూ అనడానికి అవకాశం రాని మాటను తడబడుతూ అంది. “ఇస్తినమ్మ వాయనం.”

“పుచ్చుకుంటినమ్మ వాయనం” అంది నర్సవ్వ, వరస వరసంతా వినపడేలా.

కోడళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. పెద్దావిడే పుచ్చుకున్నాక తమకేమిటన్నట్టు ఒకామె కొంగు చాచింది. ఆమె వెనక ఇంకొకామె. తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో మధులతకు కళ్ళకు నీళ్ళడ్డం వచ్చి సరిగ్గా కనిపించలేదు. తన వంతు కోసం చివర నిలబడి, చీర కొంగు ఎలా పట్టాలో పక్కామెను చూసి నేర్చుకుంది.

వెంకటవ్వ దగ్గరికి వచ్చేసరికి ఆమె గిన్నెను ఒకసారి వంచి చూసింది. అడుగున వేలితో తుడిచింది. తలెత్తి, ఎంతో నొచ్చుకుంటూ అంది.

“అయ్యో బెన్, నీకు మిగలకపాయె.”