ఐదో మనిషి

వీలునామా రాయించమని యేసమ్మ పెద్దమ్మకు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. మాది కొల్లేరు అంచున ఊరు. మా ఇద్దరి ఇళ్ళ మధ్య ఒక్క తడికే అడ్డం. నేను అంగన్‌వాడీ టీచర్ని కాబట్టి కాగితాల సంగతి కాస్త తెలుసు, తెలిసిన పాపానికి పోరుతూ ఉండేదాన్ని. ఆవిడ మాత్రం చేటలో బియ్యం చెరుగుతూ ఎప్పుడూ ఒకటే మాట అనేది.

“వీలునామా పరాయివాళ్ళకి రాస్తారు మార్తమ్మా. సొంత కూతురికి ఎవరన్నా రాస్తారా? ఊళ్ళో వింటే నవ్విపోతారే.”

సొంత కూతురంటే హెప్సిబా. పెద్దమ్మ పెళ్ళి చేసుకోలేదు. వయసులో ఉన్నప్పుడు ఏలూరులో ఒక మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేసింది. తాడేపల్లిగూడెం వైపు నుంచి పురిటికి వచ్చిన ఒకావిడ ఆడపిల్లను కని కన్నుమూసింది. ఆ బిడ్డ కోసం ఎవరూ రాలేదు. పెద్దమ్మ ఆ పసిగుడ్డును చీరకొంగులో చుట్టుకుని, ఉద్యోగానికి దణ్ణం పెట్టేసి, మా ఊరు వచ్చేసింది. ఆ పసిగుడ్డుకు ఇప్పుడు నలభై దాటాయి. కైకలూరు దగ్గర రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తుంది.

బడిలో వేసినప్పుడు తల్లి పేరు దగ్గర తన పేరు రాయించుకుని ఉంటే గొడవ వదిలిపోయేది. పెద్దమ్మ ఒప్పుకోలేదు. “కన్నతల్లి పేరు చెరిపేస్తే ఉసురు తగులుతుంది” అని ఆ చనిపోయినావిడ పేరే రాయించింది. అదే పేరు ఆధార్ కార్డు దాకా పాకింది. రేషన్ కార్డులో ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు గానీ, పెద్దమ్మకు హెప్సిబా ఏమవుతుంది అన్నచోట ‘ఇతరులు’ అని పడింది. మంచితనానికైనా ఒక హద్దు ఉండాలంటాను నేను. ఉన్న ఆస్తల్లా ఒక చిన్న పెంకుటిల్లు, దాని వెనక రెండు కొబ్బరిచెట్లు.

పెద్దమ్మ పోయిన రోజున మా ఊళ్ళో నూట నలభై నాలుగో సెక్షన్ నడుస్తోంది. కొత్త చట్టంలో దాని అంకె మారిందట. లాఠీ మారలేదు కాబట్టి మేము పాత పేరుతోనే పిలుచుకుంటున్నాం. కొల్లేటిని ఆక్రమించి తవ్వారని చేపల చెరువుల గట్లను పొక్లెయిన్లతో కొట్టించేస్తున్నారు. అంతకుముందు పక్క ఊరివాళ్ళు సమాధుల తోటకు తీసుకెళ్తున్న శవపేటికను ఆ పొక్లెయిన్ల ముందు దించి కూర్చున్నారు. దాంతో చావు జరిగినా సరే, దగ్గరి బంధువులు తప్ప నలుగురికి మించి కదలకూడదన్నారు పోలీసులు.

పోయేటప్పుడు నలుగురు ఉండాలని మనం అంటాం. ఆ నలుగురంటే ఊరంతా అని అర్థం. ఎస్సైగారికి మాత్రం నలుగురంటే నలుగురే. కుర్రవాడు, మర్యాదగానే మాట్లాడాడు. హెప్సిబా ఏడుస్తూ ఆయనకు ఎదురెళ్ళింది.

“మా అమ్మండీ. నేను వెనకాల నడుస్తానండీ, అంతే.”

“కూతురైతే ఐదో మనిషిగా మిమ్మల్ని పంపిస్తానమ్మా. ఆధార్ చూపించండి.”

చూపించింది. ఆయన కార్డును అటూ ఇటూ తిప్పి, “ఇందులో వేరే పేరుంది కదా?” అన్నాడు.

“అది కన్నతల్లి పేరండీ. ఈవిడ మా అమ్మండీ.”

ఆయనకు అర్థం కాలేదో, అర్థమైనా ఆర్డరు అడ్డొచ్చిందో, కార్డు తిరిగి ఇచ్చేశాడు. అప్పుడు హెప్సిబా మత్తయిగారి దగ్గరకు వచ్చింది. ఆయన మా సంఘపెద్ద, ఎవర్నీ పల్లెత్తు మాట అనని మనిషి.

“తాతయ్యగారూ, ఆ నలుగురిలో నన్ను ఒకదాన్ని చెయ్యండి. నేనూ ఓ పక్క మోస్తాను. షెడ్డులో ఇంతకంటే బరువు ఎత్తుతానండీ.”

“ఆడపిల్ల చేత పెట్టె మోయిస్తామా తల్లీ? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?” అన్నారాయన కండువాతో కళ్ళు తుడుచుకుంటూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఐదో మనిషినే రానివ్వనప్పుడు ఇంక చూసేవాళ్ళెవరండీ?” అన్నాను. పాస్టరుగారు బైబిలు చంకలో పెట్టుకుని ఒక మూల పట్టుకున్నారు. మత్తయిగారు ఒక మూల, పేటలో మగవాళ్ళు ఇద్దరు మిగతా రెండు మూలలు పట్టుకున్నారు.

పెట్టె గట్టెక్కి సమాధుల తోట వైపు మలుపు తిరిగేదాకా హెప్సిబా గుమ్మంలో నిలబడి చూసింది. ఆ తరువాత లోపలికి వెళ్ళి పెద్దమ్మ మంచం మీద ముడుచుకుని పడుకుంది. నేనూ వెనకాలే వెళ్ళాను. పెద్దమ్మ తలకు రాసుకునే కొబ్బరినూనె వాసన ఇంకా ఆ దిండుకు ఉంది. మేమిద్దరం చీకటి పడేదాకా ఏడ్చాం.

కొన్నాళ్ళకు పొక్లెయిన్లు వెళ్ళిపోయాయి, నూట నలభై నాలుగు ఎత్తేశారు. కరెంటు మీటరు తన పేరు మీదకు మార్పించుకుందామని హెప్సిబా అర్జీ పెట్టింది. వారసురాలివని సర్టిఫికెట్ తెమ్మన్నారు. తీగ లాగితే డొంకంతా కదిలింది.

విచారణకు కైకలూరు నుంచి తాతాజీ అనే రెవిన్యూ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పెద్దమ్మ అరుగు మీదే ఆయనకు కుర్చీ వేశాం. చెడ్డవాడేమీ కాదు. “కాగితం లేకపోయినా చూద్దామండీ. పెంచిన కూతురని ఊరంతా చెబితే, కూతురు చెయ్యాల్సినవన్నీ ఈవిడే చేసిందని నేను రాస్తే, పైవాళ్ళు ఒప్పుకోవచ్చు” అన్నాడు. మాకు ప్రాణం లేచొచ్చింది. ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తూ చెప్పాం. పక్షవాతం వచ్చి పెద్దమ్మ మంచాన పడితే ఎత్తి కూర్చోబెట్టిందెవరు, గంజి తాగించిందెవరు, జీతాలు పోగొట్టుకుని ఏలూరు ఆసుపత్రికి మోసుకెళ్ళిందెవరు, అన్నీ చెప్పాం. ఆయన రాసుకుంటూ, తల ఎత్తకుండానే ఇంకో ప్రశ్న అడిగాడు.

“సమాధిలో మొదటి మట్టి ఎవరు వేశారండీ?”

మాలో మొదటి పిడికెడు మట్టి వేసేది పోయినవాళ్ళ సొంతవాళ్ళు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. మత్తయిగారికి అబద్ధమాడడం చేతకాదు.

“నేనేనండీ.”

“మీరు బంధువులా?”

“కాదండీ. సంఘపెద్దనండీ.”

“మరి ఈవిడ?”

“రాలేదండీ” అని, అన్నాక నాలిక కరుచుకున్నారాయన. “అంటే, రానివ్వలేదండీ. నూట నలభై నాలుగు కదండీ. ఆధార్ చూసి, కూతురు కాదన్నారండీ ఎస్సైగారు.”

తాతాజీ కలం ఆపాడు. “దగ్గరి బంధువుల్ని పంపమని ఆర్డర్లోనే ఉంది కదండీ. అయినా ఆపారంటే పోలీసులే కాదని తేల్చేశారన్నమాట. పైవాళ్ళు ఆ స్టేషన్‌కి ఫోన్ చేసి అడిగితే నేనేం చెప్పనండీ?”

కూతురు కాదు కాబట్టి సమాధుల తోటకు వెళ్ళనివ్వలేదు. సమాధుల తోటకు వెళ్ళలేదు కాబట్టి కూతురు కాదు. దిక్కులేని ఆస్తి సర్కారుదన్న చట్టమూ, జనం గుమిగూడకూడదన్న చట్టమూ దొరల కాలంలో పుట్టినవేనట. ఆ దొరలు ఎప్పుడో మట్టిలో కలిసిపోయారు. వాళ్ళ చట్టాలు మాత్రం మా హెప్సిబాను చెరో రెక్కా పట్టి బయటికి ఈడ్చాయి. మత్తయిగారు అరుగు మీద కూలబడి, “ఆ ఒక్క మూలా పట్టుకోనిచ్చి ఉంటే అయిపోయేది కదమ్మా” అని వెక్కి వెక్కి ఏడ్చారు. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగదు.

నోటీసు కూడా తాతాజీయే తెచ్చాడు. తలుపుకు అంటించి, మేము అడిగితే చదివి వినిపించాడు. వారసులు లేకుండా మరణించిన యేసమ్మ ఇంటిని బేవారసు ఆస్తిగా ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటున్నదని దాని సారాంశం.

“ఏ ఆస్తన్నారండీ?” అంది హెప్సిబా.

“బేవారసు అంటే వారసులు లేనిదని అర్థమమ్మా. మా ఆఫీసులో పాతకాలం నుంచీ వస్తున్న మాట.”

మా ఊళ్ళో ఆ మాటకు అర్థం వేరు. తాగి రోడ్ల వెంట తిరిగే మొగుణ్ణి, పనీపాటా లేని కొడుకుని “బేవార్సు వెధవా” అని తిడతారు. పోయినవాళ్ళను ఆ మాట ఎవరూ అనరు. శత్రువును కూడా అనరు.

హెప్సిబా రెండు చేతులూ జోడించింది. “ఇల్లు తీసుకోండి సార్. నేను షెడ్డు దగ్గర గది చూసుకుంటాను. ఆ ఒక్క మాట కొట్టేయండి. మా అమ్మ పేరు పక్కన ఆ మాట వద్దండీ.”

“ఆ మాట కొట్టేస్తే ఇల్లు తీసుకునే హక్కు గవర్నమెంటుకి ఉండదమ్మా” అన్నాడు తాతాజీ. కాగితం చింపితే కేసవుతుంది, జాగ్రత్త అని కూడా చెప్పి, బండెక్కి వెళ్ళిపోయాడు.

హెప్సిబా చింపలేదు. తలుపుకు వీపు ఆనించి, ఆ కాగితానికి అడ్డంగా నిలబడింది. దారిన పోయేవాళ్ళు ఆగి పలకరించి వెళ్తున్నారు. ఆమె అందరికీ జవాబు చెబుతోంది గానీ అక్కడి నుంచి కదలడం లేదు. పొద్దు వాలింది. షెడ్డుకు వెళ్ళలేదు, మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నేను కంచంలో అన్నం, చేపల పులుసు కలిపి పట్టుకెళ్ళి, “కాళ్ళు పీక్కుపోతున్నాయే నీకు. కూర్చుని రెండు ముద్దలు తిను” అన్నాను.

“కూర్చుంటే కనబడుతుందక్కా” అంది.